పడవ పెట్టెలో ఒక్క ఓటు

ప్రజాస్వామ్యం నేర్పడానికి ముస్లిం కుర్రాళ్ళను మాత్రమే ఏరి పిలిపించారంటే అందులో ఎంత ప్రజాస్వామ్యం ఉందో షాషావలికి మొదటిరోజే అర్థమైపోయింది. 1955 మొదట్లో సంగతి ఇది. కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం ఏర్పడి ఏడాది దాటింది. ఎన్నికలు ముంచుకొచ్చాయి, కాలేజీలకు సెలవులిచ్చారు. నంద్యాల చుట్టుపక్కల నుంచి యూనివర్సిటీ చదువులకు వెళ్ళిన ముస్లిం విద్యార్థులంతా ఆ సెలవుల్లో నంద్యాలలో ఒక బడి హాలుకు వచ్చి పౌరసత్వ తరగతులు వినాలనీ, వినకపోతే స్కాలర్‌షిప్ ఆగిపోతుందనీ పైనుంచి ఉత్తర్వు దిగింది. రెడ్ల పిల్లలకు గానీ, బ్రాహ్మల పిల్లలకు గానీ, కోమట్ల పిల్లలకు గానీ అలాంటి ఉత్తర్వేమీ రాలేదు. వాళ్ళు తల్లి కడుపులోనే అన్నీ నేర్చుకుని పుట్టారు కాబోలు.

పాఠం చెప్పేవాడు మద్దిలేటిరెడ్డి. మద్రాసులో ఎం.ఏ. చదివి కాలేజీలో రాజనీతిశాస్త్రం చెబుతున్నాడు. ముప్పై దాటని వయసు, మడత నలగని ఖద్దరు చొక్కా, ఎదుటివాడికి ఎంత తెలుసో ముందే లెక్కగట్టుకున్న చూపు. మొదటి తరగతిలోనే అన్నాడు:

“ఈ దేశంలోనే ఉండిపోవాలని మీ పెద్దలు నిర్ణయించుకున్నారు. సంతోషం. ఉండేవాళ్ళు ఉండే పద్ధతి తెలుసుకోవాలి కదా.”

షాషావలి తండ్రి, తాత, ముత్తాత ఆళ్ళగడ్డ దగ్గర గుండ్లమిట్టలో పుట్టి, అక్కడే దూది ఏకి, అక్కడి మట్టిలోనే కలిసినవాళ్ళు. తండ్రి ఇంకా కలవలేదు, అంతే తేడా. అలాంటిది ఎక్కడికో వెళ్ళవలసినవాణ్ణి దయతలచి ఉండనిచ్చారేమో అని తన మీద తనకే అనుమానం పుట్టేటట్టు మాట్లాడేవాడు ఆయన. కుర్రాళ్ళు పళ్ళు కొరుకుతూ వినేవాళ్ళు. స్కాలర్‌షిప్ లేకుండా చదవగలిగినవాడు ఆ హాల్లో ఒక్కడూ లేడు.

అన్నిటికంటే షాషావలిని కాల్చేసింది ఇంకొకటి. మద్దిలేటిరెడ్డిది కూడా గుండ్లమిట్టే. ఆ ఊరి పెద్దరెడ్డి శేషారెడ్డికి స్వయానా తమ్ముడు. షాషావలి ఎవరి కొడుకో ఆయనకు బాగా తెలుసు. తెలిసి కూడా తెలియనట్టే హాజరు పిలిచేవాడు.

ఒకరోజు ఆయన హాలు మూలన దుప్పటి ఒకటి తెరగా కట్టించి, దాని వెనక రెండు రేకు పెట్టెలు పెట్టించాడు. అప్పటి ఎన్నికల పద్ధతి అది. ఒక్కొక్క అభ్యర్థికి ఒక్కొక్క పెట్టె, పెట్టె మీద అతని గుర్తు. ఓటరు తెర వెనక్కి వెళ్ళి, చేతిలోని కాగితాన్ని నచ్చినవాడి పెట్టెలో వేసి వస్తాడు.

“తెర ఎందుకు? ఎవరికీ భయపడకుండా వేయడానికి,” అన్నాడు మద్దిలేటిరెడ్డి. “కానీ మీవాళ్ళకు తెర ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే. మసీదులో ఎవరి పేరు చెబితే వాడి పెట్టెలో పోసి వస్తారు. సొంత బుద్ధితో ఓటు వేయనివాడు పౌరుడు కాదు. మందలో ఒకడు.”

షాషావలి లేచి నిలబడ్డాడు. లేవాలని అనుకోలేదు, లేచాక కూర్చోబుద్ధి కాలేదు.

“సార్, మీదీ గుండ్లమిట్టే, నాదీ గుండ్లమిట్టే. మన ఊర్లో ఓటు ఎట్లేస్తారో ఈళ్ళకు మీరు చెప్తారా, నన్ను చెప్పమంటారా?”

“కూర్చో.”

“కూర్చోను సార్. మీ అన్న మసీదుకు పోడు, నిజమే. పీర్ల సావిడికి వస్తాడు. ఓట్లకు ముందు ఊరినంతా ఆడికి పిలిపిచ్చి, గుండంలో ఊదీ తీసి నొసట పెట్టిచ్చి, ఫలానా పెట్టెలోనే ఏస్తానని ఒట్టు పెట్టిచ్చుకుంటాడు. రెడ్లు, కాపులు, కిరస్తానీ పాలెమోళ్ళు, అందరూ. ఇంగ తెర కట్టి ఏం లాభం సార్? ఇది మందగాదా?”

హాలు గొల్లుమంది. ఇన్నాళ్ళ అవమానం ఒక్కసారిగా నవ్వై బయటపడింది. బల్లలు చరిచినవాళ్ళు కూడా ఉన్నారు. మద్దిలేటిరెడ్డి ముఖం కందిపోయింది. కానీ ఆయన తొందరపడలేదు. నవ్వు ఆగేదాకా చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

“బాగా చెప్పావు. ఊదీ పెట్టే చెయ్యి ఎవరిదో కూడా చెప్పు.”

షాషావలి మెల్లగా కూర్చున్నాడు.

“చెప్పవా? నేనే చెప్తాను. హుసేనప్పది. ఆ చావిడిని చూసుకునే ముజావరు. ఇతని తండ్రి.”

హాల్లో ఎవరూ నవ్వలేదు. నవ్వితే బాగుండేది. తరగతి విడిచాక నంద్యాల పట్నం కుర్రాడు ఫజులుల్లా వరండాలో అతన్ని అడ్డగించాడు. ఇంట్లో ఉర్దూ, నోట్లో నమాజు ఉన్న కుటుంబం అతనిది. ఇంట్లో తెలుగు మాట్లాడే దూదేకులవాళ్ళంటే మొదటినుంచీ చిన్నచూపు.

“ఉర్దూ రాదు, నమాజు రాదు, పోనీలే అనుకున్నా. మీ నాయన రెడ్డి ఓట్ల కోసం జనానికి బూడిద పూస్తాండాడా? ఆయన మమ్మల్నందర్నీ మంద అన్న్యాడంటే మీ ఇంటి పుణ్యమే,” అన్నాడు. చుట్టూ నిలబడ్డవాళ్ళలో ఒక్కడు కూడా షాషావలి పక్షాన మాట్లాడలేదు.

మర్నాడు పొద్దున్నే షాషావలి ఆళ్ళగడ్డ బస్సెక్కాడు. బస్సు దిగి రుద్రవరం దారిలో ఎండలో నడుస్తూ ఒకే ఒక్క సంగతి మనసులో రుబ్బుకున్నాడు. వచ్చే గురువారం, చావిడి ముందు ఒట్టు పెట్టించే రోజున, తన తండ్రి చేత్తో ఊదీ పెట్టకూడదు. పెడితే తను మళ్ళీ ఆ హాల్లో తలెత్తుకోలేడు. తలెత్తుకోలేకపోతే ఈ చదువెందుకు, చట్టుబండలెందుకు.

హుసేనప్ప చావిడి ముందు గుండం చుట్టూ ఊడుస్తున్నాడు. పీర్లు ఏడాదంతా పట్టుగుడ్డల్లో చుట్టి చావిడి అటక మీద ఉంటాయి. పండగ పది రోజులే బయటికొస్తాయి. అయినా ఊదీకి మాత్రం ఎప్పుడూ జనం వస్తూనే ఉంటారు. పిల్లకు జ్వరమొచ్చినా, గేదె పాలివ్వకపోయినా, అన్నదమ్ములకు గట్టు తగాదా వచ్చినా హుసేనప్ప చెయ్యి కావాలి. ఆ చెయ్యి పట్టుకుని ఊళ్ళో ఎవడూ అబద్ధమాడడు. ఆ సంగతి అందరికంటే ముందు కనిపెట్టినవాడు శేషారెడ్డి.

“బేస్తారం ఊదీ పెట్టొద్దు నాయనా,” అన్నాడు షాషావలి, చెప్పులు విడవకుండానే.

“యానికి?”

“ఓటు ఎవురిది వానిది. పీర్ల పేరు చెప్పి బెదిరిచ్చేది తప్పు.”

“నేనెవుర్ని బెదిరిచ్చినా? నా నోటితో యా పెట్టె పేరూ చెప్పను. నొసలు ముందుకు పెడతారు, పెడతా. నా పని అంతే.”

“నీ చెయ్యి ల్యాకుంటే పెద్దరెడ్డి పని జరగదు గదా.”

“నా చెయ్యి ల్యాకుంటే ఇంగోని చెయ్యి. ఈ సావిడి తాళంచెవి వాండ్ల తాత మా తాతకిచ్చినాడు. ఇచ్చినోడు తీసుకోల్యాడా? సావిడి చేను గింజలు తిని చదువుకుంటివి. ఇప్పుడు ఆ సావిడికే అడ్డం వస్తాండావా?”

తల్లి మాబున్ని లోపలినుంచి అంతా విని, చెంబుడు నీళ్ళు తెచ్చి కొడుకు ముందు ఠక్కున పెట్టింది. “ఆ నీతులు నంద్యాల్లో చెప్పుకో. ఈడ మేం బతకాల,” అని లోపలికి వెళ్ళిపోయింది.

ఇంట్లో చెల్లని మాట ఊళ్ళో చెల్లుతుందని ఎందుకనుకున్నాడో మరి! షాషావలి ఇల్లిల్లూ తిరగడం మొదలుపెట్టాడు. తెర వెనక ఎవరూ ఉండరనీ, కాగితం మీద పేరుండదనీ, ఎవరు ఏ పెట్టెలో వేశారో ఈ లోకంలో ఎవరికీ తెలిసే దారి లేదనీ గుమ్మం గుమ్మానా చెప్పాడు. మద్దిలేటిరెడ్డి హాల్లో చెప్పిన ముక్కలే ఇవన్నీ. ఆ మనిషి పాఠాన్ని ఆ మనిషి ఊళ్ళోనే తను మోసుకు తిరగవలసి వచ్చినందుకు అతనికి ఒళ్ళు మండిపోయింది.

రెడ్ల వీధిలో శివమ్మ ముఖం మీదే తలుపు వేసింది. “మీ నాయన పెట్టే ఊదీని తప్పమని నువ్వే చెప్తాండావా? నీకు సిగ్గుల్యా?” అని లోపలినుంచి అరిచింది. ఊరవతల పాలెంలో ఏసయ్య మాత్రం అరుగు మీద చోటిచ్చి కూర్చోబెట్టి సావధానంగా విన్నాడు. శేషారెడ్డి పొలంలో తరతరాలుగా పనిచేస్తున్న ఇల్లు అతనిది.

“పెద్దరెడ్డి సూడడు, సరే. పీర్లు సూడవాప్పా?”

“మీరు ఏసును నమ్మేటోళ్ళు గదా ఏసన్నా?”

“ఏసును నమ్ముతాం. పీర్లకు భయపడతాం. అది వేరే, ఇది వేరే.” ఏసయ్య ఇంకా ఏదో అనబోయి, వీధి మొగలో శేషారెడ్డి మనిషి ఓబయ్య కనబడేసరికి లేచి నిలబడ్డాడు. “పోప్పా బేగా. నువ్వొచ్చినావని తెలిస్తే నాకు కూలి ఉండదు.”

శేషారెడ్డికి అన్నీ తెలిశాయి. గురువారం పొద్దున ఊరంతా చావిడి ముందు చేరింది. అభ్యర్థులు ఇద్దరు. ఒకడిది గొడుగు, ఇంకొకడిది పడవ. గొడుగువాడు శేషారెడ్డికి కావలసినవాడు. పడవవాడు ఎవరో ఊళ్ళో చాలామందికి తెలియను కూడా తెలియదు, తెలుసుకోవలసిన అవసరం వాళ్ళకు ఎప్పుడూ రాలేదు.

“సదువుకున్న పిల్లోడొకడు ఇల్లిల్లూ తిరుగుతాండాడంట. మంచిది, తిరగనీ,” అన్నాడు శేషారెడ్డి, గుంపు వెనకాల నిలబడ్డ షాషావలిని చూస్తూ. “మా ఇంట్లో కూడా ఒక సదువుకున్నోడుండాడు. వాడే మొదట పెట్టిచ్చుకుంటాడు. రా, మద్దీ.”

మద్దిలేటిరెడ్డి ముందుకొచ్చాడు. ఖద్దరు చొక్కా అదే, మడత కూడా నలగలేదు. షాషావలికి తన కళ్ళను తను నమ్మబుద్ధి కాలేదు. ఆయన రాడనీ, వచ్చినా ఏదో ఒక నెపంతో తప్పుకుంటాడనీ మనసులో ఎక్కడో అనుకున్నాడు.

“సార్! మీరు కూడానా?” అని కేక వేశాడు.

మద్దిలేటిరెడ్డి అటు చూడలేదు. నొసలు ముందుకు వంచి, “గొడుగు పెట్టెలోనే వేస్తాను, పీర్ల సాక్షిగా,” అన్నాడు. తరగతిలో మూలమూలకూ వినబడే గొంతు అక్కడ పక్కవాడికి కూడా సరిగా వినబడలేదు.

షాషావలి జనాన్ని తోసుకుని వెళ్ళి ఊదీ కుండ మీద ఉన్న తండ్రి చెయ్యి పట్టేసుకున్నాడు. “వద్దు నాయనా. నీ కాళ్ళు మొక్కుతా. వద్దు.”

హుసేనప్ప ఆ చెయ్యి విదిలించుకుని, అదే చేత్తో కొడుకు చెంప పగలగొట్టాడు. ఊరు ఊరంతా చూసింది. చెంప మీద అయిదు వేళ్ళూ ఊదీతో అచ్చుపడ్డాయి. షాషావలి తుడుచుకోకుండానే పక్కకు జరిగాడు. ముసలీ ముతకా, ఆడా మగా ఒక్కొక్కరే వచ్చి నొసలు పెట్టారు, ఒట్టు వేశారు, పోయారు. అంతా అయ్యాక హుసేనప్ప కుండ మీద మూత పెట్టి చేతులు కడుక్కున్నాడు. అతని నొసట మాత్రం ఊదీ లేదు. ఆ చావిడి కట్టడి అది. ఒట్టుకు ఊదీ పెట్టే చెయ్యి తన నొసట తను పెట్టుకోకూడదు, ఆ కుండలో ఇంకొకరు చెయ్యి పెట్టకూడదు.

పోలింగ్ జరిగింది. షాషావలికి ఇరవై ఒకటి నిండలేదు కాబట్టి అతనికి ఓటే లేదు. అసలు ఓటే లేనివాడికి నెల రోజులపాటు ఓటు వేసే తీరు నేర్పారన్నమాట! గొడుగు గెలిచింది. లెక్కింపుకు వెళ్ళిన శేషారెడ్డి మనుషులు తాలూకా నుంచి కబురు తెచ్చారు. గుండ్లమిట్ట ఓట్లన్నీ గొడుగు పెట్టెలోనే ఉన్నాయి, ఒక్కటి తప్ప. ఆ ఒక్కటి పడవ పెట్టెలో ఉంది.

గెలిచినవాడు పండగ చేసుకోవాలి. శేషారెడ్డికి మాత్రం ఆ ఒక్క ఓటు కంట్లో నలుసై కూర్చుంది. ఎవరో ముసలిది పెట్టె తెలియక వేసి ఉంటుందని ఒకరిద్దరు సర్దిచెప్పబోయారు. ఆయన వినలేదు. ఊళ్ళో అందరూ ఒట్టు వేశారు. పీర్ల మీద ఒట్టు వేసి తప్పే ధైర్యం ఈ ఊళ్ళో ఎవడికీ లేదు. అయితే ఒట్టు వేయనివాడెవడు? అలా ఆలోచించుకుంటూ పోతే ఒక్కడే మిగిలాడు.

“నేను గొడుగులోనే ఏసినా పెద్దరెడ్డీ,” అన్నాడు హుసేనప్ప.

“అయితే ఊదీ పెట్టుకుని చెప్పు.”

“నా నొసట నేను పెట్టుకోకూడదు. కట్టు తప్పుతాది. నీకు తెల్దా?”

“నాకన్నీ తెలుసు. నీ కొడుకు ఇల్లిల్లూ తిరిగి ఊరికి చెప్పిన సదువు, నీ ఇంట్లో చెప్పకుండా ఉంటాడా? ఊరి ముందర చెంపదెబ్బ నాటకమాడి, తెర ఎనకాల పడవలో ఏస్తివి.”

చావిడి తాళంచెవి హుసేనప్ప మొలతాడు నుంచి ఓబయ్య మొలతాడుకు మారింది. చావిడి చేను కూడా మారింది. ఓబయ్యకు ఎద్దులు కడగడం తప్ప ఇంకేమీ తెలియదు. పీర్లను ఏ గుడ్డలో చుడతారో, ఏ నీళ్ళతో కడుగుతారో అతనికెవరు చెప్పాలి! హుసేనప్ప ఇంటికొచ్చి గోడకు చేరగిలబడి కూర్చుని, ఆ పూట అన్నం ముట్టలేదు. కొడుకు వంక చూడనైనా లేదు.

నంద్యాలలో తరగతులు ఇంకా కొద్ది రోజులు మిగిలాయి. షాషావలి వెళ్ళాడు. చేను పోయాక ఇక స్కాలర్‌షిప్ ఒక్కటే దిక్కు. అవమానం మింగి వెనక బల్ల మీద కూర్చున్నాడు. చివరి రోజు అందరూ వెళ్ళాక మద్దిలేటిరెడ్డి అతన్ని ఆగమన్నాడు. కిటికీ దగ్గరికి పిలిచి గొంతు తగ్గించాడు.

“ఆ ఓటు నాది.”

ఆయన ముఖంలో కొంచెం నవ్వు కూడా ఉంది, బహుమతి అందుకోబోయేవాడి ముఖంలో ఉండేలాంటి నవ్వు.

“నాకెందుకు చెప్తాండారు సార్?”

“నీకు తెలియాలి. అందరిముందూ నన్ను మంద అన్నావు. నేను మందలో లేను. పడవవాడే యోగ్యుడనిపించింది, అతనికే వేశాను.”

“ఒట్టు పెట్టుకున్నారు గదా.”

“బూడిదయ్యా అది. నాకు వాటిల్లో నమ్మకం లేదు.”

ఊళ్ళో ఊదీకి వణికినవాళ్ళందరూ ఒక్కసారి షాషావలి కళ్ళముందు నిలబడ్డారు. ఏసయ్య, శివమ్మ, వాళ్ళ పిల్లలు, ముసలివాళ్ళు. అది ఒట్టి బూడిదగా కనిపించిన ఒక్కగానొక్క మనిషి, తప్పినా తనకేమీ పోనివాడు, తెర వెనక ధైర్యం చూపించి వచ్చాడు. దానికి మూల్యం వేరొకడు కట్టాడు.

“మా నాయన చేతిలోంచి తాళంచెవి లాక్కున్నారు సార్.”

“విన్నాను. బాధేసింది.”

“మీ అన్నతో చెప్పండి, మీదేనని.”

మద్దిలేటిరెడ్డి నవ్వు తీసేశాడు. “అదెలా కుదురుతుంది? ఇంట్లో ఉండాలా వద్దా నేను? అయినా ఓటు రహస్యం. ఎవరికి వేశావో చెప్పమని నన్ను ఎవరూ బలవంతపెట్టడానికి వీల్లేదు. నువ్వైనా సరే.”

ప్రతి మాటా నిజమే. ఆ మనిషి ఈ నెలంతా చెప్పినదాంట్లో తప్పు మాట ఒక్కటి లేదు. షాషావలికి ఆ గొంతు పట్టుకుని నులమాలన్నంత అసహ్యం పుట్టింది. బయటికి నడిచాడు.

ఇంటికి చేరేసరికి హుసేనప్ప వాకిట్లో ఊరికే కూర్చుని ఉన్నాడు. ఆ చేతులకు పని లేకపోవడం షాషావలి పుట్టి బుద్ధెరిగాక చూడలేదు.

“పడవలో ఏసిందెవురో నాకు తెలిసింది నాయనా.”

హుసేనప్ప తలెత్తాడు. కొడుకు ఊదీ కుండ దగ్గర తన చెయ్యి పట్టుకున్న రోజునుంచీ అతని ముఖంలోకి చూడటం అదే మొదలు. “తెలిస్తే ఈడ నిలబడినావేంది? పోయి చెప్పు. నాకు పేరొద్దు, తాళంచెవి కావాల. నీ వల్ల పాయ, నువ్వే తెచ్చియ్యి.”

“పోరా,” అంది మాబున్ని వెనకనుంచి. ఆవిడ గొంతు బొంగురుపోయి ఉంది. “ఇంగ దేనికి ఎదురు సూస్తాండావు?”

షాషావలి శేషారెడ్డి ఇంటికి వెళ్ళాడు. చెప్పేయాలనే వెళ్ళాడు, అందులో అనుమానం లేదు. దారంతా ఆ పేరు నాలుక చివరే ఉంది. చెబితే శేషారెడ్డి నమ్ముతాడా? నమ్ముతాడు. తమ్ముడి ముఖం ఒకసారి చూస్తే చాలు, తెలిసిపోతుంది. తాళంచెవి వెనక్కొస్తుంది, చేను వెనక్కొస్తుంది, ఆ ఖద్దరు చొక్కా పెద్దమనిషి తలదించుకుంటాడు. ఇంతకంటే ఏం కావాలి?

ఇంటి ముందు కూలివాళ్ళు గొంతుక్కూర్చుని ఉన్నారు. ఏసయ్య కూడా ఉన్నాడు. నంద్యాల నుంచి మోటారు బండి మీద ముందే వచ్చేసిన మద్దిలేటిరెడ్డి నడవలో బల్ల మీద కూర్చుని అన్నతో ఏదో మాట్లాడుతున్నాడు. షాషావలిని చూడగానే ఆయన మాట మధ్యలో తెగిపోయింది.

“ఏందిరా?” అన్నాడు శేషారెడ్డి.

“పడవలో ఏసింది మా నాయన కాదు. ఎవురో నాకు తెలుసు.”

వాకిట్లో గుసగుసలు ఆగిపోయాయి. శేషారెడ్డి లేచి మెట్ల దాకా వచ్చాడు. “చెప్పు. పేరు చెప్పు. ఈపొద్దే, ఇప్పుడే ఓబయ్య చేతిలో తాళంచెవి తీసి నీ చేతికిస్తా. ఈళ్ళందరి ముందర చెప్తాండా.”

షాషావలి నోరు తెరిచాడు. అప్పుడే వాకిట్లోవాళ్ళ ముఖాలు చూశాడు. ఎవరూ ఒట్టు తప్పినవాళ్ళు కారు. అయినా ప్రతి ముఖంలోనూ భయమే ఉంది, తమ పేరే వస్తుందేమోనన్న భయం. ఏసయ్య అయితే నొసట చెయ్యి పెట్టుకుని నేల చూస్తున్నాడు. వీళ్ళ గుమ్మాల్లో నిలబడే కదా తను చెప్పింది, ఎవరు ఎందులో వేశారో తెలిసే దారి లేదని. ఇప్పుడు తన నోట ఒక్క పేరు రాలిందా, వీళ్ళు తలుపులు వేసుకున్నదే సరైన పనవుతుంది. తెర వెనక కూడా పెద్దరెడ్డికి కళ్ళున్నాయని తనే చాటింపు వేసినట్టవుతుంది. మళ్ళీ ఓట్లొచ్చినప్పుడు ఈ ఒక్క ఓటు కూడా పడదు.

బల్ల మీద మద్దిలేటిరెడ్డి ఊపిరి బిగబట్టి కూర్చున్నాడు. షాషావలి అటునుంచి చూపు తిప్పుకున్నాడు.

“చెప్పను,” అన్నాడు.

“ఏమంటివి?”

“చెప్పను పెద్దరెడ్డీ. వాడు నాకు పగోడు. వాని ముఖం చూస్తే ఉమ్మబుద్ధయితాది. అయినా వాని ఓటు నీకు చెప్పను.”

“మీ నాయన తాళంచెవి వద్దా?”

“కావాల.”

“మల్ల?”

ఏడుపు వస్తుందేమోనని భయపడి షాషావలి పళ్ళు బిగించాడు. ఇంటి దగ్గర తండ్రి ఎదురుచూస్తున్నాడు. ఉత్త చేతులతో వెళ్ళి ఏం చెబుతాడో అతనికే తెలియదు.

శేషారెడ్డి వెనక్కి తిరిగి తమ్ముణ్ణి చూశాడు. “సూడు మద్దీ. నెల పొద్దు నువ్వు సదువు చెప్పిన పిల్లోడు. ఇదేనా ఈళ్ళకు నువ్వు నేర్పింది?”

మద్దిలేటిరెడ్డి అన్న ముఖమూ చూడలేదు, కుర్రవాడి ముఖమూ చూడలేదు. చొక్కా చేతి మడత సర్దుకున్నాడు. షాషావలి మెట్ల కింద నిలబడి కాసేపు ఆగాడు. ఒక్క మాట, అవుననో కాదనో ఏదో ఒకటి ఆ బల్ల మీదినుంచి వస్తుందేమోనని ఆగాడు. రాలేదు. అప్పుడు వెనుదిరిగి, కూలివాళ్ళ మధ్యనుంచి, చావిడి వీధి వైపు నడిచాడు.